‘మెమ్ ఊ జీన్’ పీఠికలో అంగడి పరిభాష: ఒక పరిశీలన

కుర్దు కవి అహ్మద్ ఖానీ 17వ శతాబ్ది చివర రచించిన ‘మెమ్ ఊ జీన్’ కావ్యాన్ని విమర్శకులు ప్రధానంగా విషాద ప్రేమకథగానో, జాతీయ చైతన్యానికి తొలిరూపంగానో చదివారు. ఈ రెండు పఠనాల్లోనూ పీఠికలోని అంగడి పరిభాష కేవలం అలంకారంగానే మిగిలిపోతుంది. కవి వాదానికి ఆ పరిభాషే ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఖానీ తన రచనను రాగినాణెంతో పోలుస్తాడు. అది వెండినని చెప్పుకోదు కనుక కల్తీ వెండి అనే నింద దానికి అంటదు. లోపం లోహంలో లేదు, పాలకుని ముద్ర లేకపోవడంలో ఉంది. ముద్ర పడితే అదీ చెలామణి అవుతుందని కవి తర్కం.

ఈ తర్కానికి చారిత్రక భూమిక ఉంది. బిత్లిస్ పాలకుడు షరఫ్‌ఖాన్ 1597లో పారశీకంలో పూర్తిచేసిన ‘షరఫ్‌నామా’ కుర్దు వంశాలను వర్గీకరించేటప్పుడు, తమ పేర నాణెం ముద్రించుకోవడాన్నీ, శుక్రవారపు ప్రార్థనా ప్రసంగంలో తమ పేరు చదివించుకోవడాన్నీ ప్రభుత్వ చిహ్నాలుగా గ్రహించింది. ఖానీ కాలానికి కుర్దుల నేల ఉస్మానియా, సఫవీ సామ్రాజ్యాల మధ్య చీలి ఉంది. కనుమదారిలోని బిత్లిస్, టైగ్రిస్ ఒడ్డున కావ్యకథకు రంగస్థలమైన జజీరా వర్తక మార్గాలపై వెలసిన పట్టణాలు. అద్దకానికి, తోళ్ల పదునుకు, సిరాకు పనికివచ్చే మాచికాయ కుర్దు కొండల నుంచి మోసుల్ అంగళ్లకు చేరేది. సరుకు తమది, బాట తమది, నాణెం పరాయిది.

నాణెం, రత్నం వంటి పోలికలు పారశీక కావ్య సంప్రదాయంలో ఉన్నవేనని ఆక్షేపించవచ్చు. అయితే ఆ సంప్రదాయంలో కవి తరచుగా మాటల రత్నవర్తకుడు. ఖానీ మాత్రం తాను రత్నవర్తకుణ్ణి కానని, తిరుగుడు బేరగాణ్ణని చెప్పుకొంటాడు. సంప్రదాయం ఇచ్చిన పోలికను ఆయన తన స్థితికి తగినట్లు తిరగవేశాడు.

అలాగని ఈ పీఠికను వర్తక చరిత్రకు నేరుగా సాక్ష్యంగా వాడటం సరికాదు. ఆ పట్టణాల వాణిజ్యంలో, చేతివృత్తుల్లో ముఖ్యపాత్ర వహించిన ఆర్మీనియన్లు, యూదులు, సిరియాక్ క్రైస్తవులు ఈ అంగడిలో కానరారు. వారి కోసం 1655లో బిత్లిస్‌ను దర్శించిన ఎవ్లియా చెలెబీ వంటి యాత్రికుల రచనలనూ, సుంకం లెక్కలనూ ఆశ్రయించాలి. సరుకు మేలిమి తెలిసినా దాని విలువను నిర్ణయించే అధికారం లేని సమాజం తన భాషను ఎలా తూచుకుందో తెలియాలంటే మాత్రం ఈ పీఠికను చదవాలి.