నూటపదహారు ఓముల దీవెన

పాత రేడియో బోర్డు మీంచి ఊడదీసిన రెసిస్టర్‌ని చెవికి వేలాడదీసినంత మాత్రాన అది జూకా అయిపోదు. ఎలక్ట్రానిక్ విడిభాగాలతో నగలు చేసేవాళ్లకు అసలు సరదా వాటి మీదున్న అంకెలతోనే. చదవగలిగినవాళ్లకు ఆ నగ ఒక చమత్కారం చెబుతుంది, లేదా ఒక దీవెన అందిస్తుంది.

రెసిస్టర్ మీది రంగు పట్టీలే దాని విలువను ఓముల్లో చెబుతాయి. నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. పాలిటెక్నిక్ పిల్లలు ‘బీబీ రాయ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్’ అంటూ వల్లెవేసే వరస ఇదే. నాలుగు పట్టీల రెసిస్టర్‌లో మొదటి రెండూ అంకెలు, మూడోది పక్కన చేర్చాల్సిన సున్నాల లెక్క. చివర బంగారు రంగుంటే విలువ 5 శాతం అటూ ఇటూ కావచ్చు.

ఇప్పుడు పెళ్లికి నూటపదహార్లు చదివించాలనుకోండి. మామూలుగా దొరికే విలువల్లో 116 ఓములు ఉండదు. 100, 16 మాత్రం ఉంటాయి. గోధుమ-నలుపు-గోధుమ ఒకటి, గోధుమ-నీలం-నలుపు ఒకటి తీసుకుని వరసగా కలిపితే నూటపదహారు! జపమాల లెక్క కావాలంటే 75కి 33 కలపండి, 108 వస్తుంది. ఆటపట్టించడానికైతే 390కి 30 కలిపి ‘ఫోర్ ట్వంటీ’ జూకాలు చేసి ప్రాణస్నేహితురాలికి ఇవ్వవచ్చు.

చేసే పద్ధతి తేలికే, ఓపిక కావాలి. తీగను రెసిస్టర్ ఒంటికి ఆనుకుని వంచితే పైపూత చిట్లుతుంది. కాస్త ఎడం వదిలి, గుండ్రటి మొనల పట్టకారుతో మెల్లగా చుట్ట తిప్పాలి. రెండు తీగలనూ మెలేసి, సీసం లేని టంకంతో అతకాలి. కొసలు గుచ్చుకోకుండా ఆకురాయితో రుద్దాలి. చెవిలోకి వెళ్లే కొక్కెం మాత్రం వెండిదే ఉండాలి, రెసిస్టర్ తీగ పనికిరాదు. చివరగా మల్టీమీటర్ పెట్టి చూడండి. అంకె తేడాగా ఉంటే ఇంకో జత వెతకాలి.

రక్షలు చేయాలంటే అంకెతో పాటు విడిభాగం చేసే పనీ చూడాలి. చిప్ పక్కనే ఉండి, కరెంటులోని చిన్నచిన్న అలజడులను తాను మింగే ‘104’ సిరామిక్ కెపాసిటర్ ఆ చిప్‌కు దిష్టిపూస లాంటిది. 10 పక్కన నాలుగు సున్నాలు, అంటే లక్ష పికోఫారడ్లు. తాను కరిగిపోయి సర్క్యూట్‌ను కాపాడే గాజు ఫ్యూజు మెడలో లాకెట్‌గా మరీ అర్థవంతం. పెద్ద కెపాసిటర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, స్విచ్ తీసేశాక కూడా వాటిలో చార్జి నిలిచి ఉంటుంది.

యంత్రాలకు రక్ష కోరడం వింతేమీ కాదు. జపాన్‌లోని క్యోటోలో హోరిన్‌జి ఆలయ ప్రాంగణంలో విద్యుత్తుకే ఒక గుడి ఉంది. దాని పేరు దెన్‌దెన్‌గు. అక్కడ మెమరీ కార్డునే రక్షగా ఇస్తారు. మన ఆఫీసుల్లోనూ దసరాకు కంప్యూటర్లు కుంకుమ బొట్టు పెట్టించుకుంటాయి.

కమ్మరికి సుత్తి, నేతగాడికి మగ్గం ఎంతో, ఎలక్ట్రానిక్స్ పనివాళ్లకు ఈ చిన్న విడిభాగాలు అంత. రోజంతా వాటితోనే బతికే మనిషికి అతని లెక్కల్లోనే శుభం పలకడం కన్నా మంచి కానుక ఏముంటుంది? ఇచ్చేటప్పుడు విలువ ఎంతో చెప్పకండి. రంగులు చదువుకుని తనే నవ్వుకోనివ్వండి.