సాన చక్రం, ఇంటి ఆకురాయి

కోల్‌కతా ఏక్‌బాల్‌పూర్‌లో ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. అక్కడ తోట వెయ్యాలంటే చాలామందికి మేడే నేల. చలికాలంలో డాలియాలు, చామంతులు, ఏడాది పొడవునా గులాబీ కుండీలు. పక్కనే ఆలీపూర్‌లో అగ్రి-హార్టికల్చరల్ సొసైటీ తోట ఉంది. ఆ సంస్థను 1820లో స్థాపించినవాడు విలియం కేరీ, అంతకు ముందు 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన కేరీయే. సొసైటీ తోటలోనైనా మేడమీది కుండీల్లోనైనా కావలసినవి కత్తెర, పార, బొరిగ. బొరిగను అక్కడ ఖుర్పీ అంటారు. ఇవి మొద్దుబారితే సాన పట్టేవాడి చక్రానికి ఇవ్వాలి, లేదా ఇంట్లోనే ఆకురాయితో, సానరాయితో పదును పెట్టుకోవాలి.

సాన చక్రంలోనూ ఇంటి సానరాయిలోనూ ఇనుమును అరగదీసేది తరచుగా ఒకటే, కార్బొరండం. 1890ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ తయారుచేసిన పదార్థమది. తేడా అంతా వేగంలో ఉంది. అంచు లోతుగా పగిలిన పారకు చక్రాన్ని మించింది లేదు. చేత్తో పూట పట్టే పని అక్కడ నిమిషాల్లో అయిపోతుంది. కాలితో తొక్కే చక్రం నెమ్మదిగా తిరుగుతుంది కనుక దాని మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు. భయమల్లా మోటారు చక్రంతోనే. నీళ్లు తగలకుండా తిరిగే రాయి మీద పలుచని అంచు క్షణాల్లో నీలం తిరుగుతుంది. ఆ నీలం వచ్చేసరికి ఉక్కు దాదాపు 300 డిగ్రీలకు కాగి, తన గట్టిదనం పోగొట్టుకుని ఉంటుంది. పదును ఆ పూట బాగానే కనిపిస్తుంది గాని వారం నిలవదు. ఊళ్లో కమ్మరి కూడా ఇనుమును కాలుస్తాడు, కానీ నీళ్లలో ముంచి పోయిన గట్టిదనాన్ని తిరిగి ఇస్తాడు. చక్రానికి ఆ విద్య లేదు.

గులాబీ కత్తెర విషయంలో దీనికి మించిన నష్టం ఉంది. దాని అలుగుకు వాలు ఒకవైపే ఉంటుంది. రెండోవైపు చదునుగా ఉండి, కింది కొక్కేన్ని ఒరుసుకుంటూ సాగాలి. వంటింటి చాకులాగా రెండు వైపులా సాన పడితే మధ్యలో సందు పడుతుంది. అప్పుడు కొమ్మ తెగదు, నలుగుతుంది. నలిగిన చోటు ఆలస్యంగా మానుతుంది. కోల్‌కతా వానల్లో అటువంటి గాయాల గుండానే ఎండుతెగులు కొమ్మలోకి దిగుతుంది. అందుకే ఈ ఒక్క పనిముట్టును ఎవరి చక్రం మీదా పెట్టనివ్వకూడదంటాను.

ఇంట్లో చేసేటప్పుడు వాలు మీద స్కెచ్ పెన్నుతో రంగు పూసి, సన్న సానరాయిని తడిపి రెండుసార్లు తొయ్యండి. రంగు వాలంతా సమంగా పోతే కోణం కుదిరినట్టు. అంచు దగ్గరే పోతే రాయిని ఎక్కువ ఎత్తి పట్టారన్నమాట. కాసేపటికి చదును వైపు వేలికి గరుకు తగులుతుంది. అటువైపు రాయిని పూర్తిగా ఆనించి ఒక్కసారి లాగితే చాలు, ఆ గరుకు పోతుంది. ఇక్కడ ఆకురాయి పనికిరాదు. కత్తెర ఉక్కు గట్టిది, దాని మీద ఆకురాయి జారిపోతుంది.

మామూలుగా మొద్దుబారిన పార, బొరిగలకు మాత్రం ఆకురాయే సరి. సుమారు 45 డిగ్రీల వాలు, అదీ ఒకవైపే. అంతకంటే పలుచన చేస్తే ఇటుక ముక్క తగలగానే అంచు మడత పడుతుంది. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తకపోతే దాని పళ్లే అరుగుతాయి. కక్కుల కొడవలి ఉంటే దాన్ని చక్రానికీ ఇవ్వకండి, ఇంట్లోనూ ముట్టుకోకండి, అది కమ్మరి పని.

పదును పెట్టాక నూనె రాయడం చాలామంది మరిచిపోతారు. హుగ్లీ గాలిలోని తేమకు కొత్త అంచు రాత్రికి రాత్రే తుప్పెక్కగలదు. బెంగాల్ వంటింట్లో చేతికందేది ఆవనూనె. పార రేకుకు అది ఫరవాలేదు. కత్తెర కీలులో వేస్తే కొన్నాళ్లకు జిగురు కడుతుంది. అక్కడ కుట్టుమిషను నూనె చుక్క వెయ్యండి.