అడుగున చేసిన పని

పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యానును బాగుచేయించుకున్న ఆసామి మనకు ముందుగా చూపించేది పైన మెరిసే రెండు రంగుల పెయింటు, ఆ తర్వాత కొత్తగా కుట్టించిన సీట్లు, కిటికీ కర్టెన్లు. నేనైతే ముందు బండిని లిఫ్టు ఎక్కించమంటాను. చేసినవాడి సత్తా ఎంతో చెప్పేది నేలవైపు తిరిగి ఉన్న రేకే. దాన్ని వంగి చూసేవాళ్ళు తక్కువ. అక్కడ కూడా ఒళ్ళు దాచుకోకుండా పనిచేసిన చేతులంటే నాకు చెప్పలేనంత గౌరవం.

ఈ వ్యాను టైప్ 2. 1950లో వూల్ఫ్స్‌బర్గ్‌లో మొదలై, 1956లో హానోవర్ ఫ్యాక్టరీకి మారింది. ముందు అద్దం ఒకే పలకగా వంపు తిరిగిన రెండో తరం బండ్లు జర్మనీలో 1967 నుంచి 1979 వరకూ తయారయ్యాయి. బ్రెజిల్‌లో ఆ బండి 2013 దాకా వస్తూనే ఉంది. లారీకి ఉన్నట్టు దీనికి విడి చాసిస్ లేదు. నేల రేకు, దాని కింద పొడవునా సాగే పెట్టె దూలాలు, వాటి నుంచి రెండు పక్కలకూ చాచిన అడ్డ చేతులు, అంచుల్లో డొల్లగా ఉండే సిల్లులు, అన్నీ ఒకదానికొకటి వెల్డింగుతో అతుక్కుని బరువు మోస్తాయి. అందుకే ఇక్కడ తుప్పు పట్టిందంటే బండి నడుము వంగుతోందని అర్థం.

ఈ బండ్లు ఎక్కువగా బతికి ఉన్న దేశాల్లో బ్రిటన్ ఒకటి. తుప్పుకు అంతకంటే అనువైన చోటు కూడా అరుదే. చలికాలంలో రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా అక్కడ రాతి ఉప్పు చల్లుతారు. చాలావరకు చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గని నుంచి వచ్చే ఆ ఉప్పు మన వంటింటి ఉప్పులా తెల్లగా ఉండదు, మట్టి కలిసి గోధుమరంగులో ఉంటుంది. మంచు పడకముందే ముందుజాగ్రత్తగా చదరపు మీటరుకు 10 నుంచి 20 గ్రాముల దాకా వేస్తారు. చక్రాలు దాన్ని నీళ్ళతో కలిపి బండి కడుపు కింద చిమ్ముతాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే సోడియం క్లోరైడు తనంతట తానే నీరు పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. అంటే వాన వెలిసినా, రోడ్డు ఆరినా, సందుల్లో చిక్కిన ఉప్పు రేకును ఆరనివ్వదు. విశాఖలో బీచ్‌రోడ్డు పక్కన ఏళ్ళ తరబడి ఆపి ఉంచిన బళ్ళ అడుగు చూసినవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. అక్కడ ఆ ఉప్పు సముద్రపు గాలి మోసుకొస్తుంది.

రెండు రేకులను ఒకదాని మీద ఒకటి పెట్టి చుక్కలు చుక్కలుగా వెల్డింగు చేసిన చోట, చుక్కకూ చుక్కకూ మధ్య వెంట్రుకంత సందు మిగులుతుంది. దీపపు వత్తి నూనెను లాగినట్టు ఆ సందు నీటిని లోపలికి లాగుతుంది. లోపలి నీటికి గాలి అందదు, అంచున ఉన్న నీటికి అందుతుంది. ఆ తేడాకే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది, గాలి అందని చోట ఇనుము కరగడం మొదలవుతుంది. పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు అడుగుతుంది కనుక రేకులను విడదీసి ఉబ్బిస్తుంది. పైన పెయింటు బుడగలా లేచిందంటే లోపల పని చాలా దూరం వెళ్ళిందన్నమాట.

ఇంగ్లండులో నేను దగ్గర నుంచి చూసిన ఒక డెబ్బైల నాటి బండిలో ముందు వీల్ ఆర్చ్ పనిని ఇక్కడ వివరంగా చెప్పాలి. ఈ వ్యానులో డ్రైవరు సీటు సరిగ్గా ముందు చక్రం మీదే ఉంటుంది. ఆర్చ్ అంచు లోపలికి మడిచి ఉంటుంది. చక్రం విసిరిన బురద ఆ మడత మీద అరలో పెట్టినట్టు కూర్చుంటుంది. దాని మీద ఎవరో ఎప్పుడో మందంగా తారు పూత పూశారు. తారు కొత్తలో బాగానే కాపాడుతుంది. ఏళ్ళు గడిచి గట్టిపడి పగిలాక నీటిని లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోతే గట్టి రేకు ఖంగుమంది, పోయిన చోట మొద్దుగా పలికింది. హీట్‌గన్‌తో తారును మెత్తబరిచి గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద కొంత భాగం జల్లెడ.

అక్కడ తొందరపడేవాడు ఏం చేస్తాడో మనకు తెలుసు. చిల్లు మీద కాస్త పెద్ద ముక్క అతికించి, లప్పం పెట్టి, నలుపు కొట్టేస్తాడు. ఈ బండిని బాగుచేసిన పనివాడు మాత్రం మంచి ఇనుము కనిపించేదాకా కోశాడు. కోసిన ఖాళీకి సరిగ్గా సరిపోయే ముక్క చేసి, అంచుకు అంచు చేర్చి వెల్డింగు చేశాడు. ముక్కను మీద పరిచి అతికిస్తే ఇంకో సందు పుడుతుంది, నీటికి ఇంకో ఇల్లు కట్టించినట్టే. తప్పనిసరిగా రేకు మీద రేకు రావాల్సిన ఫ్లాంజిల దగ్గర మాత్రం ముందుగా వెల్డింగును తట్టుకునే జింకు ప్రైమర్ పూశాడు. బండి రోడ్డు మీద నడవడానికి పనికొస్తుందో లేదో తేల్చడానికి బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో సస్పెన్షన్, సీటుబెల్టు బిగింపులకు 30 సెంటీమీటర్లలోపు రేకు బలహీనంగా ఉంటే బండి తప్పుతుంది. అక్కడ వేసిన ప్యాచ్‌కు చుట్టూ తెగని వెల్డింగు ఉండాలి. నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు జరగని బళ్ళకు 2018 నుంచి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా ఈ చేతులు ఆ నియమం కంటే ఒక మెట్టు పైనే పనిచేశాయి.

తర్వాత కడగడం. గుంటల్లో ఉప్పు మిగిలితే పైన ఎంత ఖరీదైన పూత వేసినా దాని కిందే తుప్పు మళ్ళీ చిగురిస్తుంది. కనుక వైర్ బ్రష్, ఫాస్ఫారిక్ ఆమ్లం, మళ్ళీ మంచినీళ్ళు, ఆపైన నిదానంగా ఆరబెట్టడం. తర్వాత ఎపాక్సీ ప్రైమర్. స్ప్రే గన్ పట్టకముందు అతను చిన్న బ్రష్ తీసుకుని అన్ని అంచులకూ, మూలలకూ, వెల్డింగు గీతలకూ విడిగా ఒక చేయి పూశాడు. తడి పెయింటు పదునైన అంచు మీద నిలవదు, రెండు పక్కలకూ లాక్కుపోయి అంచును పలచగా వదిలేస్తుంది. తుప్పు మొదట దొరకబుచ్చుకునేది ఆ పలచని గీతనే. ఆ ఒక్క చేతి పూత చూశాక నాకు అతని మీద పూర్తి నమ్మకం కుదిరింది.

అతుకుల మీద సీలెంటును కూడా అతను సన్నగా బ్రష్‌తో ఒత్తి లోపలికి దించాడు. చక్రం రాళ్ళు విసిరే ఆర్చ్ లోపల మాత్రమే గరుకుగా ఉండే స్టోన్‌చిప్ పూత, మిగతా అడుగంతా బండి రంగే. ఆ రంగు మీద పారదర్శకమైన మైనం. నల్లటి పూత కంటే ఇది నాకు ఎందుకు నచ్చుతుందంటే, దాని వెనక ఏముందో ఎప్పుడైనా చూడొచ్చు. పైగా మైనం పూర్తిగా గట్టిపడదు, చిన్న గీత పడితే దానంతటదే కొంత సర్దుకుంటుంది.

సిల్లులు, దూలాల డొల్లలు చివర్న. సన్నటి గొట్టం కొసన అన్ని వైపులా చిమ్మే నాజిల్ ఉంటుంది. దాన్ని లోపలి చివరిదాకా దూర్చి, మెల్లగా వెనక్కి లాగుతూ మైనం కొట్టాలి. డబ్బాను ముందుగా వేడినీళ్ళలో ఉంచితే మైనం పలచబడి అతుకుల్లోకి పాకుతుంది. ఎక్కడ కొట్టకూడదో తెలియడం కూడా పనితనమే. ఇంజను దగ్గరి వేడిగాలి నేల కింద గొట్టం గుండా ముందు సీట్ల దాకా వచ్చే బండి ఇది. ఆ గాలిని వేడిచేసే హీట్ ఎక్స్‌ఛేంజర్ల మీద మైనం పడితే వాసన లోపలికే వస్తుంది. అందుకే వాటినీ, సైలెన్సర్‌నూ, బ్రేకులనూ, రబ్బరు బుష్‌లనూ ముందే కప్పి ఉంచాడు.

మైనం కారడం ఆగాక తీగ ముక్క తీసుకుని సిల్లుల అడుగున నీరు పోయే రంధ్రాలన్నీ ఒక్కొక్కటిగా పొడిచి తెరిచాడు. జాకీ దూర్చే చదరపు గొట్టాల లోపల కూడా చూశాడు. నీరు ఎలాగూ వస్తుందని ఒప్పుకుని, అది పోయే దారి తెరిచి ఉంచడం దగ్గరే ఈ పని మిగతా అండర్ కోటింగుల నుంచి వేరుపడింది. ఇకపై ఏటా చలికాలం పోయాక ఆర్చ్‌ల మడతలను గొట్టపు నీళ్ళతో కడగాలి, వేలితో మైనం తాకి చూడాలి, ఎండి పొడిబారిన చోట మళ్ళీ ఒక చేయి పూయాలి. యజమానికి అతను ఇచ్చిన కాగితంలో ఆ మూడు పనులూ రాసి, తెరిచి ఉంచాల్సిన రంధ్రాలు ఎక్కడెక్కడున్నాయో పెన్సిలుతో బొమ్మ కూడా గీశాడు.