ఎదుటివాళ్లు పాడుతున్నప్పుడు

1955లో వచ్చిన 'రోజులు మారాయి' సినిమాలో ఏరువాక పాటకు ఆడిన అమ్మాయికి అప్పటికి పదిహేడేళ్లు. పాట కొసరాజుది, బాణీ మాస్టర్ వేణుది, గొంతు జిక్కిది. తాపీ చాణక్య తీసిన ఆ సినిమాకు నాయికానాయకులు షావుకారు జానకి, అక్కినేని. అయినా హాళ్లలో జనం ఆ పాటనే మళ్లీ వెయ్యమని పట్టుబట్టారు, తెర మీదికి చిల్లర విసిరారు. వరి పండే ఊళ్లలో ఆ పాట వినిపించని మైకుసెట్టు లేదు. మా తోటపల్లి గూడూరులో నేనూ అలాగే విన్నాను. నాగలి పట్టే రైతు పాటకు అంత హుషారుగా ఆడిన ఆ పిల్ల ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అని నాకు చాలా కాలం తెలియదు. ఆమె వహీదా రెహ్మాన్.

ఇక్కడ బడిపిల్లలకు నాటకాలు నేర్పుతుంటాను. ఏ నాటకం మొదలుపెట్టినా ఎవరో ఒకరు వచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, నా డైలాగు అయిపోయింది. ఇంక నేనేం చెయ్యాల?" చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ నటనలో సగం విద్య దాని జవాబులోనే ఉంది. మా నెల్లూరు జిల్లాలో మేమంతా పద్యనాటకం విని పెరిగినవాళ్లం. కాటిసీనులో హరిశ్చంద్రుడు రాగం అందుకుంటే పందిట్లో ఊపిరి ఆగిపోతుంది, ఒన్స్‌మోర్‌లు మోగుతాయి. పద్యం మీద నాకున్న గౌరవం చెప్పలేనిది. కానీ ఆ పద్యం సాగినంతసేపూ పక్కన నిలబడ్డ చంద్రమతి ఏం చేస్తోంది? బిడ్డ శవం ముందు ఉంది కదా, ఆ మాటలు ఆమె చెవిన పడుతున్నాయి కదా! చాలా వేదికల మీద ఆమె తన పద్యం వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, అంతే. పిల్లలకు ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక నేను సినిమాల వైపు చూశాను. అక్కడ నాకు దొరికిన గురువు వహీదా.

ఆమె 1938 ఫిబ్రవరి 3న చెంగల్పట్టులో పుట్టారు. తండ్రి మహమ్మద్ అబ్దుర్ రెహ్మాన్ ప్రభుత్వాధికారి. బదిలీల ఉద్యోగం కాబట్టి బాల్యంలో కొంత భాగం విశాఖపట్నంలో గడిచింది. చిన్నప్పుడే భరతనాట్యం మీద మనసు పడింది. మద్రాసులో తిరుచెందూర్ మీనాక్షి సుందరం పిళ్లై దగ్గర నేర్చుకోవాలని పట్టుబడితే, ముస్లిం పిల్లకు నేర్పనని ఆయన మొదట కాదన్నారు. ఆమె వదల్లేదు. అయితే జాతకం తెమ్మన్నారు. వాళ్ల ఇంట్లో జాతకాలు రాయించే అలవాటు లేదు. పుట్టిన తేదీ అడిగి ఆయనే జాతకం వేసుకుని చూశారు. చూశాక, నువ్వు నా చివరి శిష్యురాలివి, అందరిలోకీ మేటివి అవుతావని చెప్పి చేర్చుకున్నారట. ఈ సంగతి ఆమే తన ముచ్చట్లలో చెప్పుకున్నారు. నాకు ఇందులో ఆ ముసలి గురువు మనసు మారడం ఎంత ఇష్టమో, గుమ్మం దగ్గర నుంచి కదలని ఆ పిల్ల పట్టుదలా అంతే ఇష్టం. 1951లో తండ్రి పోయారు. కుటుంబానికి తెలిసిన నిర్మాత ద్వారా తెలుగు సినిమా అవకాశం వచ్చింది. తల్లి ముంతాజ్ బేగం ఒప్పుకున్నారు.

భరతనాట్యంలో పదం అభినయించేటప్పుడు పాడేది పక్కన కూర్చున్న గాయకులు. ఒకే పంక్తిని వాళ్లు మళ్లీ మళ్లీ పాడతారు. నర్తకి ప్రతిసారీ అందులోంచి కొత్త భావం తీసి చూపాలి. గొంతు ఇంకొకరిది, మాట ఇంకొకరిది, అర్థం మాత్రం తన ముఖంలో పుట్టాలి. ఈ చదువు చదువుకున్న మనిషికి ఏరువాక పాటలో జిక్కి గొంతు పరాయిది ఎందుకవుతుంది? తెలుగు పాటకు ఆమె ఒళ్లంతా పలికింది.

ఏరువాక పాట విజయం వేడిలోనే హిందీ దర్శకుడు గురుదత్ హైదరాబాదు వచ్చారు. 'మిస్సమ్మ'ను హిందీలో తీయొచ్చా అని చూడ్డానికి వచ్చారాయన. ఒక పంపిణీదారు ఆఫీసులో కూర్చుని ఉంటే వీధిలో గోల వినిపించింది. ఏమిటని అడిగితే, ఏరువాక పాటకు ఆడిన అమ్మాయి కారు వచ్చింది, జనం మూగారని చెప్పారు. అమ్మాయి పేరు విన్నారు, ఉర్దూ వచ్చని తెలుసుకున్నారు, పిలిపించి కాసేపు మాట్లాడారు. కొన్ని నెలల తర్వాత బొంబాయి నుంచి కబురు వచ్చింది.

అక్కడ పేరు మార్చుకోమన్నారు. దిలీప్ కుమార్, మధుబాల, మీనాకుమారి అందరూ మార్చుకున్నవాళ్లే కదా అని దర్శకుడు రాజ్ ఖోస్లా నచ్చజెప్పారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు, మార్చుకోనని ఆమె అన్నారు. నచ్చని దుస్తులు వేసుకోనని ఒప్పందంలో రాయించుకున్నారు కూడా. ఆమె సంతకం సొంతంగా చెల్లే వయసు కూడా కాదు, పక్కన తల్లి ఉన్నారు. అంత పెద్ద సంస్థ ముందు కూర్చుని ఆ మాట అనగలిగిన పిల్ల, తర్వాత కెమెరా ముందు అంత నిబ్బరంగా నిలబడటంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది. 1956లో 'సీఐడీ', మరుసటి ఏడాది 'ప్యాసా'.

'ప్యాసా'లో ఒక దృశ్యం పిల్లలకు ఎన్నిసార్లు చూపించానో. వీధిలో ఒకామె భక్తిపాట పాడుతుంటుంది, గొంతు గీతాదత్‌ది. మేడ మీద కవి విజయ్ వీపు తిప్పి నిలబడి ఉంటాడు. వేశ్య గులాబో మెట్లెక్కి పైకి వస్తుంది. పాట మొత్తంలో వహీదా పెదవి కదపదు. ఒక్కో అడుగూ దగ్గరికి వస్తుంది, అతని భుజం మీద తల ఆన్చబోతుంది, ఆనించలేక వెనక్కి పరుగెత్తిపోతుంది. విజయ్‌కి ఏమీ తెలియదు. పాట వింటున్న మనిషి లోపల ఏం జరుగుతోందో మనకు మాత్రం అణువణువూ తెలుస్తుంది. ఆ కళ్లలో మొదట కోరిక, ఆ వెంటనే తనకు ఆ అర్హత లేదన్న బెదురు.

అసిత్ సేన్ తీసిన 'ఖామోషీ' (1969) ఇంకా కష్టమైన పరీక్ష. ప్రేమలో దెబ్బతిని మతి చలించిన రోగులకు, ప్రేమ నటించి నయం చేయమని నర్సు రాధను డాక్టరు నియమిస్తాడు. అంటే వహీదా నటిస్తున్న మనిషిని నటించాలి. ఆ నటన ఎక్కడ నిజమైపోయిందో మనకు చూపాలి, ఎదుటి పాత్రకు తెలియనివ్వకూడదు. అందులో రెండు పాటలు చూడండి. ఒకటి హేమంత్ కుమార్ గొంతులో. ధర్మేంద్ర మనకు వీపు మాత్రమే కనిపిస్తాడు, ఆమె వింటూ నడుస్తుంది. రెండోది పడవలో, రాజేష్ ఖన్నా పాడుతుంటాడు, కిశోర్ కుమార్ గొంతు. అప్పుడామె ముఖంలో ఎదురుగా ఉన్నవాడూ కనిపిస్తాడు, వెళ్లిపోయిన మొదటివాడూ కనిపిస్తాడు. రెండు పాటల్లోనూ ఆమె పని వినడమే. హిందీ సినిమాలో నేను చూసిన గొప్ప నటన అదే. 'గైడ్' (1965)లో రోసీ నాట్యాన్ని మెచ్చుకోని వాళ్లు లేరు, మెచ్చుకోవాల్సిందే. నా ఓటు మాత్రం ఈ నర్సుకు.

'రేష్మా ఔర్ షేరా'కు జాతీయ పురస్కారం, పద్మశ్రీ, పద్మభూషణ్, 2023లో ప్రకటించిన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందరికీ తెలిసినవే. తెలుగుతో బంధం తెగలేదన్నది మనం కొంచెం మరిచిపోయాం. 1974లో అక్కినేనితో 'బంగారు కలలు', 1986లో 'సింహాసనం', 2006లో మళ్లీ అక్కినేనితో 'చుక్కల్లో చంద్రుడు'. ఏరువాక పాట తర్వాత యాభై ఏళ్లకు ఇద్దరూ ఒకే తెర మీద.

నెల్లూరు చుట్టుపక్కల బళ్లలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు చాలామంది ఉంటారు. బయట చక్కటి తెలుగు మాట్లాడతారు. నాటకం అనేసరికి మాత్రం కొందరు వెనకబెంచీకి జరుగుతారు, పలుకులో ఎవరైనా తప్పు పడతారేమోనని. వాళ్లకు నేను ముందు మాటలివ్వను. ఒకరు ఉత్తరం చదువుతారు, ఆ ఉత్తరం ఎవరి గురించో వాళ్లు వింటూ నిలబడాలి. చదివేవాళ్లు గొంతు మార్చి ఐదారుసార్లు చదువుతారు. వినేవాళ్లు ప్రతిసారీ కొత్తగా వినాలి. పోయినేడు ఒక పాప, ఎనిమిదో తరగతి, ఈ అభ్యాసంలో అందరినీ మించిపోయింది. చదువుతున్న పిల్లాడు ఆమె ముఖం చూసి మధ్యలో ఆగిపోయాడు. "చదవరా, ఆపొద్దు" అని మిగతావాళ్లు అరిచారు. ఆ రోజు నుంచి ఆమె తెలుగు పలుకు గురించి ఎవరూ, తనతో సహా, ఆలోచించలేదు. మాటలు వాటంతట అవే వచ్చాయి.

ఈసారి వార్షికోత్సవానికి కాటిసీనే వేస్తున్నాం. చంద్రమతి వేషం ఆ పాపకే ఇచ్చాను. హరిశ్చంద్రుడు వేసే అబ్బాయికి మంచి గొంతుంది, రాగం పొడుగ్గా తీస్తాడు. తియ్యనీ, ఎంతసేపైనా తియ్యనీ అన్నాను.