పాలం పొగమంచు, పైలట్ లెక్క

‘ఎండ కాస్తుంటే పొగమంచని విమానం ఆపడమేంటండీ?’ జనవరి వచ్చిందంటే ఢిల్లీ తెలుగువాళ్ళ నోట వినిపించే మాట ఇది. శంషాబాద్‌లో ఢిల్లీ విమానం కోసం కాచుకున్నవాళ్ళూ ఇదే అడుగుతారు. మన ఫోన్ చెప్పేది ఊరి వాతావరణం. పైలట్‌కి కావలసింది రన్‌వేది.

విమానం ఎక్కకముందే అతని టాబ్లెట్‌లోకి ఓ కాగితాల కట్టంత సమాచారం వస్తుంది. అందులో మెటార్ అనేది ఇప్పటి పరిస్థితి. పాలంలో ఉన్న ఢిల్లీ విమానాశ్రయానికి దాన్ని వాతావరణ శాఖ రాత్రనక పగలనక అరగంటకోసారి ఇస్తుంది. టాఫ్ అనేది రాబోయే 30 గంటల అంచనా. పైఎత్తు గాలులు, ఉరుముల మేఘాల హెచ్చరికలు వేరే. టైమంతా గ్రీనిచ్ లెక్కే, మన అయిదున్నర గంటలు కలుపుకోవాలి.

మెటార్ చూస్తే పిల్లాడెవడో కీబోర్డుతో ఆడుకున్నట్టుంటుంది. నా కళ్ళు మాత్రం ‘08/08’ లాంటి అంకెల దగ్గరే ఆగుతాయి. ముందుది గాలి ఉష్ణోగ్రత. రెండోది, ఎంతకు చల్లబడితే గాలిలో తేమ నీటి బిందువులవుతుందో ఆ ఉష్ణోగ్రత. ఈ రెండూ దగ్గరపడి, గాలి కూడా స్తంభిస్తే పొగమంచుకు రంగం సిద్ధమైనట్టే. అందుకే అనుభవమున్న పైలట్ తాజా మెటార్ ఒక్కటే చూసి ఊరుకోడు, అంతకుముందు వచ్చినవీ వరసగా చదువుతాడు. 11/09, తర్వాత 10/09, ఇప్పుడు 09/09... ఈ వరస తెలిస్తేగానీ ఇంధనం ఎంత పోయించుకోవాలో తేలదు. జైపూర్‌కో లక్నోకో మళ్ళాల్సి రావచ్చు. అక్కడా మంచు కమ్మితే? వాటి టాఫ్‌లూ చూసుకోవాల్సిందే.

రన్‌వే పక్కన ‘దృష్టి’ అనే పరికరం ఉంటుంది. బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ తయారీ. ఒకవైపు నుంచి కాంతి పంపి, రెండోవైపు ఎంత చేరిందో కొలిచి, ఎన్ని మీటర్లు కనిపిస్తుందో చెబుతుంది. తగిన విమానం, శిక్షణ పొందిన పైలట్లు ఉంటే ఢిల్లీలో 50 మీటర్లకే దిగొచ్చు. ఎగరడానికి మాత్రం 125 కావాలి! దించేది ఆటోపైలట్, లేపేది రన్‌వే దీపాలు చూసుకుంటూ మనిషి. పక్క విమానం దిగింది, మనది కదలదేమని కౌంటర్ దగ్గర అమ్మాయిని నిలదీసేవాళ్ళకి జవాబు ఇదే.

జనవరిలో తెల్లవారుజాము టికెట్ చవగ్గా దొరికిందని సంబరపడకండి. మంచు దట్టంగా ఉండేది అప్పుడే. మధ్యాహ్నం విమానం చూసుకోండి.