ఆరు రోజుల లెక్క

సూరత్ రింగ్ రోడ్డు మీద బట్టల మార్కెట్ల బోర్డులతో ఇప్పుడు టూర్ ప్యాకేజీల బోర్డులు పోటీ పడుతున్నాయి. ఈ ఊరి నుంచి షార్జాకు 2019లో, దుబాయ్‌కి 2023 చివర్లో, బ్యాంకాక్‌కి 2024 డిసెంబర్లో నేరుగా విమానాలు మొదలయ్యాయి. ముంబయి దాకా రైల్లో పడి పోయే బాధ కొందరికి తప్పింది, వ్యాపారం పెరిగింది, మంచిదే. ఈ వారం నన్ను చిరాకు పెట్టింది ఆ ప్రకటనల తీరు. వీసా, హోటల్, శాకాహార భోజనం, పొద్దున్నే టిఫిను, అన్నీ ఉంటాయి. టీకా గురించి, జ్వరం గురించి ఒక్క ముక్క ఉండదు. వెళ్లే దేశం ఏం అడుగుతుందో తప్ప వెళ్లే మనిషి ఒంటికి ఏం కావాలో మనవాళ్లకు పట్టదన్నది నా పాత పాటే. ఇంకే ఊళ్లోనైనా ఈ మతిమరుపును క్షమించవచ్చు. సూరత్‌లో మాత్రం కష్టం. ఒక రోగం పేరు చెప్పి ప్రపంచం ఒక దేశం మొహానే తలుపు వేస్తే ఎలా ఉంటుందో ఈ రోడ్డుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

1994 సెప్టెంబరు సంగతి అది. తాపీ నది వరద తీసి, బురదా చెత్తా చచ్చిన పశువులూ మిగిలిన ఊళ్లో మూడో వారంలో ఊపిరితిత్తుల ప్లేగు వార్త పొక్కింది. ప్రైవేటు డాక్టర్లు చాలామంది క్లినిక్‌లకు తాళాలు వేసి వెళ్లిపోయారు, టెట్రాసైక్లిన్ బజార్లో మాయమైంది. అప్పటికి పదిహేను లక్షల పైచిలుకు జనం ఉన్న ఊరు కొద్ది రోజుల్లోనే లక్షల్లో ఖాళీ అయింది. మార్కెట్ల షట్టర్లు దిగాయి. సాంచాలు (మరమగ్గాలు) నడిపే గంజాం ఒడియావాళ్లూ, తెలంగాణ నుంచి వచ్చి లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడ్డ పద్మశాలీలూ మూటాముల్లె సర్దుకుని స్టేషన్ దారి పట్టారు. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కల్లో యాభై పైచిలుకు. భయం మాత్రం ఆ లెక్కతో నిమిత్తం లేకుండా సముద్రాలు దాటింది. గల్ఫ్ దేశాల్లో చాలావరకు భారత్‌తో విమాన రాకపోకలు ఆపేశాయి, మాస్కో కూడా ఆపింది. మన సరుకును వద్దన్నవాళ్లు ఉన్నారు. కరీంనగర్ నుంచో కడప నుంచో గల్ఫ్ పోవాల్సిన కూలీకి సూరత్ ఏ రాష్ట్రంలో ఉందో కూడా తెలిసి ఉండదు, అయినా వీసా చేతిలో పట్టుకుని ఆగిపోవాల్సింది అతనే. దేశానికి జరిగిన నష్టం 170 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని తర్వాత వేసిన అంచనా.

అప్పటికే దీనికి ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 1969 నాటి ఆరోగ్య నిబంధనల ప్రకారం ఊపిరితిత్తుల ప్లేగు ఉన్న చోటి నుంచి బయల్దేరబోయే అనుమానితుణ్ణి ఆరు రోజులు విడిగా ఉంచి చూడాలి. రోగం లోపల ఉంటే దాదాపు ఆ గడువులోనే బయటపడుతుంది. పైగా మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగే జబ్బు. ప్రయాణాలు ఆపాల్సిన పనిలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, దాని అధిపతి హిరోషి నకజిమా స్వయంగా మన దేశం వచ్చి చూసి వెళ్లారు. భారత్ నుంచి ప్లేగు ఏ దేశానికీ పాకలేదు. కానీ ఆ ఆరు రోజుల లెక్కను చాలామంది పట్టించుకోలేదు, అటకెక్కించారు.

భయపడ్డ ప్రభుత్వం ఆధారాల కోసం కూర్చోగలదా, ముందు తలుపేసుకుని తర్వాత ఆలోచించడం తప్పా అని అడగవచ్చు. తప్పే, ఎందుకంటే ఆ దెబ్బ రోగానికి తగలదు, నిజం చెప్పినవాడికి తగులుతుంది. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ గురించి దాపరికం లేకుండా చెబితే రెండు మూడు రోజుల్లోనే ఆ దేశానికి విమానాలు ఆగిపోయాయి. ఈ తంతు చూసిన పక్క దేశం మరోసారి నోరు విప్పడానికి పదిసార్లు ఆలోచిస్తుంది. 1995లో ఆరోగ్య నిబంధనలను తిరగరాయాలని ప్రపంచ దేశాలు తీర్మానించుకోవడం వెనక సూరత్ అనుభవం కూడా ఉంది. కొత్త నిబంధనలు 2007లో అమల్లోకి వచ్చాయి, ఒమిక్రాన్ నాటికి వాటి వయసు పద్నాలుగేళ్లు. కాగితం మారింది, భయం మారలేదు.

ఇంకో వాదన ఉంది, దాన్ని అంత తేలిగ్గా కొట్టెయ్యలేను. ఆ అవమానం జరగకపోతే సూరత్ బాగుపడేదా అంటారు. 1995 మేలో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి పొద్దున్నే వీధుల్లోకి దింపారు, పేదవాడి బడ్డీతో పాటు పెద్దవాళ్ల ఆక్రమణలనూ కూల్చారు, శుభ్రత లేని హోటళ్లకు జరిమానాలు వేశారు. 1996లో వారసత్వ సంరక్షణ సంస్థ ఇన్‌టాక్ సర్వే చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరంగా సూరత్‌ను లెక్కించింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం. విమానాలు తిరిగి మొదలైన ఎన్నో నెలలకు గానీ రావు గారు రాలేదు కాబట్టి ఊరిని ఊడ్చింది నిషేధం కాదు, పాలన. కానీ మార్కెట్ల గల్లాపెట్టెకు అంత దెబ్బ తగలకపోతే ఆయన్ను అంత కాలం పని చేయనిచ్చేవారా అంటే, నాకు అనుమానమే.

ఇదంతా చదివి, రోగం పేరుతో సరిహద్దుల్లో పెట్టే షరతులన్నీ ఎత్తెయ్యమంటానని అనుకుంటే పొరపాటు. అలాంటి షరతుల్లో గట్టిదొకటి మన దేశమే పెట్టింది, నేను దాని పక్షమే. నైరోబీకి వెళ్లే సూరత్ వ్యాపారిని కెన్యా ఎల్లో ఫీవర్ టీకా అడగదు, ఎందుకంటే మన దగ్గర ఆ జబ్బు లేదు. అడిగేది తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయం. టీకా కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్. కెన్యా షరతులు మాత్రమే చూసుకుని బయల్దేరినవాడు ఇంటి గుమ్మంలో ఇరుక్కుంటాడు. ఇందులో అన్యాయం లేదు. ఎల్లో ఫీవర్‌ను మోసే ఏడిస్ దోమ, మనకు డెంగ్యూ తెచ్చేదే, మన ప్రతి ఇంటి కుండీలోనూ ఉంది. ఆ వైరస్ ఆసియాలో ఇంతవరకు పాదుకోలేదు. ఒక్కసారి పాదుకుంటే దానికి ఇక్కడ తిండికీ తావుకీ కొదవ ఉండదు.

మరి ఇదీ దేశం పేరు చూసి పెట్టిన షరతే కదా అంటారు. నిజమే. నైరోబీ నగరం వరకే వెళ్లేవాడికి ఈ టీకా అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సాధారణంగా చెప్పదు, మన నిబంధన మాత్రం కెన్యానంతటినీ ఒకే గాట కడుతుంది. అయినా ఇక్కడ ప్రయాణికుడి చేతిలో చేయగలిగిన పని ఒకటుంది. ఒక్క సూది, 2016 జులై నుంచి జీవితాంతం చెల్లే కార్డు, అదీ లేకపోతే ఆరు రోజుల ఓపిక. 1994లో మనవాడికి ఈ దారి లేదు. మందు మింగినా, పరీక్ష చేయించుకున్నా, ఆరు రోజులు ఆగినా ఎక్కడానికి విమానమే లేదు. షరతు కఠినంగా ఉందా, మెత్తగా ఉందా అని కాదు, మనిషి దాన్ని నెరవేర్చే వీలుందా అని చూస్తాను.

కాబట్టి ఆ ప్యాకేజీలు అమ్మేవాళ్లు బోర్డుల మీద ఇంకో రెండు లైన్లు రాయాలి. టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం. వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు, బయల్దేరే ముందు రోజు వేయించుకుని వారంలో తిరిగొచ్చేవాడు కార్డు ఉండీ దొరికిపోతాడు. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు ముందుగా డాక్టర్ని అడగాలి, ఏజెంటును కాదు. ఇక మొంబాసా తీరానికి వెళ్లేవాణ్ణి మలేరియా మాత్రలు వేసుకున్నావా అని ఏ కౌంటర్లోనూ ఎవరూ అడగరు. బ్యాంకాక్ వెళ్లేవాడు డిజిటల్ అరైవల్ కార్డు నింపాడా అని అడుగుతారు గానీ దోమల మందు రాసుకున్నాడా అని అడగరు. తిరిగొచ్చాక, నెల గడిచాకైనా సరే, జ్వరం వస్తే ఫలానా దేశం వెళ్లొచ్చానని డాక్టరుకు చెప్పాలి. ఆ సంగతి తెలియకపోతే ఇక్కడి డాక్టరు మామూలు వైరల్ అనుకుని పారాసిటమాల్ రాసి పంపే వీలుంది.