ఇంకా ఎన్ని రోజులు?

క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ వెంటపడి అడుగుతుంటే ఏం చెప్పాలి? హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిష్ విషెర్న్ అనే క్రైస్తవ వేదాంతికి ఈ చిక్కే వచ్చింది. దిక్కులేని పేద పిల్లల కోసం ఆయన 1833లో ‘రావెస్ హౌస్’ అనే ఆశ్రమం తెరిచాడు. 1839లో ఒక పాత బండి చక్రం తీసుకుని, దానిమీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు నిలబెట్టించాడు. రోజుకొకటి వెలిగిస్తారు. వెలగనివి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంటే చాలు, పిల్లలకు జవాబు దొరికినట్టే.

జర్మనీలో క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని, అంటే అడ్వెంట్‌ను, నేటికీ నడిపిస్తున్నది పిల్లల ఈ ప్రశ్నే. బండి చక్రం ఇళ్లలో పట్టదు కాబట్టి చిన్న వలయమైంది. 1860 ప్రాంతంలో దానికి పచ్చని ఫర్ కొమ్మలు తోడయ్యాయి. చివరికి ఆదివారాల కొవ్వొత్తులు నాలుగే మిగిలాయి. ప్రొటెస్టెంట్ల మధ్య పుట్టిన ఈ వలయం కేథలిక్ చర్చిలోకి రావడానికి 1925 దాకా పట్టింది. ఆ ఏడు కొలోన్‌లో ఒక చర్చి దాన్ని వేలాడదీసింది.

దుకాణంలో తయారుగా దొరుకుతున్నా, నవంబరు చివర్లో చర్చి హాళ్లలో, బడుల్లో పదిమంది చేరి దీన్ని కట్టుకుంటారు. ముందు ఎండుగడ్డితో చుట్టిన వలయం ఉండాలి. ఫర్ రెమ్మలను జానెడేసి కత్తిరించి, మూడు నాలుగు కలిపి ఆ గడ్డిమీద పరిచి, సన్నటి తీగతో బిగించి చుడతారు. రెండో గుత్తి మొదటి గుత్తి కాడలను కప్పాలి, మూడోది రెండోదాని కాడలను. తీగను మధ్యలో ఎక్కడా తెంచకూడదు, వదులు చేయకూడదు. చిట్టచివరి గుత్తి కాడలను మొదటి గుత్తి ఆకుల కింద దూర్చడంలోనే పనితనం తెలుస్తుంది. స్ప్రూస్ కొమ్మలైతే హీటర్ వేడికి తొందరగా రాలిపోతాయని, నార్డ్‌మన్ ఫర్ అయితే ఆగుతుందని అనుభవమున్నవాళ్లు చెబుతారు. ఎండిన కొమ్మకు నిప్పు అంటుకుంటే క్షణాల్లో భగ్గుమంటుంది కనుక, వెలిగించిన వలయాన్ని వదిలి ఎవరూ గది దాటకూడదు.

ఆదివారం మధ్యాహ్నం కాఫీ వేళకు, ఇంట్లో చేసిన బిస్కెట్లు పళ్లెంలో పెట్టుకుని ఇంటిల్లిపాదీ వలయం చుట్టూ కూర్చుంటారు. మొదటి వారం ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు, రెండో వారం రెండు. నాలుగో ఆదివారానికి మొదటి కొవ్వొత్తి కరిగి పొట్టిదైపోతుంది. నాలుగూ నాలుగు ఎత్తుల్లో ఉంటాయి, గడిచిన కాలమంతా ఎదురుగా కనబడుతుంది. గోడ మీది కేలండర్ ఈ పని చేయలేదు. 2023లో నాలుగో ఆదివారం సరిగ్గా డిసెంబరు 24నే పడింది. నాలుగో కొవ్వొత్తి వెలిగించిన రోజు సాయంత్రమే పండగ మొదలైపోయింది.

లెక్కపెట్టే పద్ధతులు ఇంకా ఉన్నాయి. తలుపుమీద సుద్దముక్కతో 24 గీతలు గీస్తే పిల్లలు రోజుకొకటి చెరిపేవారు. కేథలిక్ ఇళ్లలో బాలయేసు పశువుల తొట్టిలో రోజుకొక గడ్డిపరక వేయించేవారు. మౌల్‌బ్రోన్ ఊళ్లో గేర్హార్డ్ లాంగ్ అనే పిల్లవాడికి వాళ్లమ్మ అట్టమీద 24 చిన్న బిస్కెట్లు అమర్చి ఇచ్చింది. అతను పెద్దయ్యాక మ్యూనిక్‌లో ముద్రణ వ్యాపారంలో చేరి, 20వ శతాబ్దం మొదట్లో అడ్వెంట్ కేలండర్‌ను అచ్చువేశాడు. తెరిచే చిన్న చిన్న తలుపులు తర్వాత వచ్చాయి. ఇప్పుడు సెంట్లు, టీ పొడులు, బీరు సీసాలు పెట్టిన కేలండర్లు కూడా అమ్ముతున్నారు. వాటిలో ఆ తల్లి చేతిపని లేదు, అదే లోటు. గుడ్డ సంచులు 24 కుట్టి, ఒకదాంట్లో వాల్‌నట్, ఇంకోదాంట్లో ‘ఈ సాయంత్రం బిస్కెట్లు చేద్దాం’ అని చీటీ పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. సంప్రదాయం బతికేది అక్కడే.

డిసెంబరు 5 రాత్రి పిల్లలు బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెడతారు. తెల్లారేసరికి సెయింట్ నికొలస్ పేరున వాటిలో నారింజలు, గింజలు, చాక్లెట్లు ఉంటాయి. అంతకు ముందురోజు, 4న, సెయింట్ బార్బరా పేరుతో చెర్రీ కొమ్మలు కోస్తారు. కొమ్మకు చలి తగలకపోతే మొగ్గ విచ్చదు. అప్పటికింకా గడ్డకట్టే చలి రాకపోతే కొన్ని గంటలు ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కూజాలో నిలబెడతారు. నీళ్లు మారుస్తూ, హీటర్‌కు దూరంగా ఉంచితే క్రిస్మస్ నాటికి తెల్లగా పూస్తాయి. ఒక్కోసారి పూయవు కూడా.

ఇంటి గడప దాటినా ఇదే ఉత్సాహం. బెర్లిన్‌లో 2003 డిసెంబరు 23న యూనియన్ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు 89 మంది చడీచప్పుడు లేకుండా స్టేడియంలోకి వెళ్లి క్రిస్మస్ పాటలు పాడుకున్నారు. తర్వాతి ఏళ్లలో అక్కడే వేలమంది కొవ్వొత్తులు పట్టుకుని పాడడం మొదలైంది.

అన్నిటికన్నా ముచ్చటైనది ‘సజీవ కేలండర్’. ఊళ్లో, లేదా ఒక పేటలో, 24 ఇళ్లు తలా ఒక తేదీ తీసుకుంటాయి. ఆ ఇల్లు తన కిటికీని అలంకరించి, ఆ తేదీ అంకె అంటించి, సాయంత్రం తెర తీస్తుంది. బయట చలిలో నిలబడ్డ ఇరుగుపొరుగు రెండు పాటలు పాడి, ఒక కథ విని, వేడివేడి పండ్లరసం తాగి ఇళ్లకు వెళతారు. చాలాచోట్ల కప్పులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. చర్చికి వెళ్లే అలవాటు లేనివాళ్లూ వస్తారు, బేకరీలు, బడులు కూడా తేదీలు తీసుకుంటాయి. ఉద్యోగం కోసం అలాంటి పేటకు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబానికి పొరుగువాళ్లతో పరిచయానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. కాకపోతే నవంబరులోనే, జాబితా నిండకముందే, పేరు రాయించుకోవాలి.